బటన్ కెమెరాలో పడింది కోర్టులో నిలబడాలంటే: స్టింగ్ చేసేవాళ్లకు పనికొచ్చే చర్చ (విడిగా ఉన్న పేర్లు ఇందులో మాట్లాడేవాళ్ల మారుపేర్లు)

కొత్త బీటు

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో దస్తావేజు లేఖరుల ద్వారా సాగే వసూళ్లను ఉదాహరణగా పెట్టుకుని మాట్లాడుకుందాం. మూడు సంగతులు తేలాలి.

ఒకటి, స్టింగ్‌లో, అంటే మామూలు మనిషిలా వెళ్లి రహస్య కెమెరాతో లంచగొండిని పట్టే పనిలో, నిజంగా డబ్బు చేతులు మారాలా? మారితే ఇచ్చిన విలేకరి మీదా కేసు పడుతుందా? రెండు, పెన్ కెమెరాలోనో బటన్ కెమెరాలోనో రికార్డయింది సాక్ష్యంగా చెల్లాలంటే ఏ జాగ్రత్తలు కావాలి? మూడు, ఎప్పుడు చూసినా కింది గుమాస్తానో బయటి లేఖరో దొరుకుతాడు, పైవాళ్లు నింపాదిగా కూర్చుంటారు. దీనికి విరుగుడేమిటి?

సొంత గాథలు వద్దు, పని చెప్పండి చాలు.

ఎం-బుక్

మూడోదానితో మొదలుపెడతాను, అసలు జబ్బు అక్కడే ఉంది కాబట్టి. కెమెరా చేతబట్టుకుని బయల్దేరితే కెమెరాకు అందేవాడే దొరుకుతాడు. అంటే గుమాస్తా. పైవాడు ఎప్పుడూ డబ్బు ముట్టుకోడు, మాట కూడా అనడు. అతను చేసేది ఒక్కటే, సంతకం. ఆ సంతకం కాగితం మీద ఉంటుంది. కాబట్టి ముందు కాగితం పట్టుకోవాలి, కెమెరా ఆఖరున.

రిజిస్ట్రేషన్ ఆఫీసునే తీసుకోండి. రిజిస్ట్రేషన్ చట్టం 71వ సెక్షన్ ప్రకారం దస్తావేజును తిరస్కరిస్తే ఆ కారణాన్ని బుక్ 2లో రాయాలి, దస్తావేజు మీద తిరస్కరించినట్టు ఎండార్స్‌మెంట్ వేయాలి. దస్తావేజు రాసిచ్చినవాళ్లు గానీ దాని కింద హక్కుదారులు గానీ అడిగితే ఆ కారణాల నకలు ఉచితంగా ఇవ్వాలి. ఆస్తి తమ పరిధిలోది కాదని పంపేస్తే మాత్రం ఈ నియమం వర్తించదు. ఇంతకీ జరిగేదేమిటి? "లింకు డాక్యుమెంటు (ఆస్తి పాత దస్తావేజు) సరిగా లేదు, రేపు రండి" అని నోటిమాటతో తిప్పి పంపుతారు. బుక్ 2లో ఏమీ పడదు. లంచం పుట్టేది సరిగ్గా ఆ ఖాళీలోనే.

కాబట్టి మొదటి ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు ఇలా ఉండాలి: ఫలానా ఆరు నెలల్లో బుక్ 2లో నమోదైన తిరస్కరణలు ఎన్ని, తేదీలవారీగా కారణాలతో నకళ్లు, పెండింగులో పెట్టిన దస్తావేజులు ఎన్ని, ఏ తేదీన పెట్టి ఏ తేదీన విడుదల చేశారు. ఫీజు జిల్లా స్థాయిలో 10 రూపాయలు, మండల స్థాయిలో 5. జవాబుకు గడువు 30 రోజులు. నకళ్లు అడిగితే జాప్యం చేస్తారనుకుంటే సమాచార హక్కు చట్టం 2(జె) కింద రికార్డుల తనిఖీ అడగండి, మొదటి గంటకు రుసుం లేదు.

తిరస్కరణలు సున్నా అని లిఖితపూర్వకంగా జవాబు వచ్చిందనుకోండి. అదే ఆరు నెలల్లో వెనక్కి తిరిగినవాళ్లు ఇరవైమంది సంతకాలు పెట్టి స్టేట్‌మెంట్ ఇచ్చారనుకోండి. కెమెరా తీయకముందే మీ కథ సగం అయిపోయింది. పైగా ఆ సున్నా మీద సంతకం పెట్టింది గుమాస్తా కాదు, అధికారి.

పనుల శాఖల్లోనూ ఇదే సూత్రం. ఎం-బుక్‌లో (పనుల కొలతల పుస్తకంలో) కొలతల తేదీ, చెక్ మెజర్‌మెంట్ (పై ఇంజినీరు మళ్లీ కొలిచి సరిచూసిన) తేదీ, బిల్లు పాసైన తేదీ మూడూ పక్కపక్కన రాసుకోండి. ఒకే ఇంజినీరు ఒకే రోజు జిల్లా ఈ చివర ఒక పనీ ఆ చివర ఒక పనీ కొలిచినట్టు కనబడితే అంతకన్నా రహస్య కెమెరా ఏం చూపిస్తుంది? రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో మొదలుపెట్టిన జన్ సున్వాయీలు (బహిరంగ విచారణలు), ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ మీద జరిగిన సోషల్ ఆడిట్లు, అన్నీ ఈ దారిలోవే. మస్టర్ రోల్ (కూలీల హాజరు పట్టీ) తెచ్చి ఊరి మధ్య పేర్లు చదవడమే అక్కడ స్టింగ్.

ప్లీడరు గుమాస్తా

మొదటి ప్రశ్నకు జవాబు: అవును, కేసు పడే వీలుంది.

అవినీతి నిరోధక చట్టం (1988)ను 2018లో సవరించారు. అప్పటినుంచి 8వ సెక్షన్ కింద లంచం ఇవ్వడమే కాదు, ఇస్తాననడం కూడా నేరం. శిక్ష ఏడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తప్పించుకునే తలుపులు రెండే. బలవంతం మీద ఇచ్చినవాడు 7 రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెప్పడం ఒకటి. ముందే ఆ సంస్థకు చెప్పి, వాళ్లకు సాయపడటానికి ఇవ్వడం రెండోది. కోరి వెళ్లిన విలేకరి "నన్ను బలవంతపెట్టారు" అంటే నవ్విపోతారు. మిగిలింది రెండో తలుపే.

లంచం ఇచ్చినవాడి వాంగ్మూలానికి రక్షణ ఇచ్చే పాత 24వ సెక్షన్‌ను కూడా అదే సవరణలో ఎత్తేశారు. 2018కి ముందు నాటి స్టింగులను చూసి "వాళ్లు ఇచ్చారు కదా" అనుకోకండి.

తీర్పులు కూడా రెండు వైపులా ఉన్నాయి. 2005 డిసెంబరులో పార్లమెంటులో ప్రశ్నలు అడగడానికి డబ్బు తీసుకున్న వ్యవహారం బయటపడి 11 మంది ఎంపీలు సభ్యత్వం పోగొట్టుకున్నారు. ఆ స్టింగ్ చేసిన విలేకరులనే పోలీసులు నిందితులుగా చేర్చితే, 2010లో ఢిల్లీ హైకోర్టు రాజ్యాంగం 51-ఎ లోని ప్రాథమిక విధులను ఎత్తిచూపి వాళ్ల మీద కేసును కొట్టేసింది. బాగుంది. కానీ 2014లో రజత్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు మరో మాట చెప్పింది: స్టింగ్ అని పేరు పెట్టినంత మాత్రాన నేరం మాఫీ కాదు, ఉద్దేశం ఏమిటో విచారణలో తేలాల్సిందే. అక్కడ స్టింగ్ వెనక రాజకీయ ప్రత్యర్థులు ఉన్నారన్నది ఆరోపణ. అంటే మీ ఉద్దేశం స్వచ్ఛమైనదని మీరే రుజువు చూపించుకోవాల్సిన పరిస్థితి రావచ్చు. ఆ రుజువు ముందే తయారు చేసి పెట్టుకోవాలి. ప్రెస్ కౌన్సిల్ నియమావళి అడిగేదీ అదే: స్టింగ్ నిజమైనదని చేసిన వ్యక్తి ధ్రువపత్రం, ప్రతి దశనూ అప్పటికప్పుడు రాసిన రికార్డు, ప్రచురణ నిర్ణయం ఎడిటర్‌ది కావడం.

ఇంకో చిన్న మాట. కొనుగోలుదారుగా నటించడం వేరు, "విజిలెన్స్ నుంచి వచ్చాం" అనడం వేరు. రెండోది ప్రభుత్వోద్యోగిగా నటించడం, భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద నేరం. ఆవేశంలో కూడా ఆ మాట నోట రాకూడదు.

జిల్లా డెస్క్

అయితే నా మాట వినండి. డబ్బు ఇవ్వనే ఇవ్వకండి. వార్తకు కావలసింది అడగడం, పుచ్చుకోవడం కాదు. 7వ సెక్షన్ చదవండి, ప్రభుత్వోద్యోగి పుచ్చుకోవడంతో పాటు పుచ్చుకోవడానికి ప్రయత్నించడం కూడా అందులో ఉంది. అతను అడిగేదాకా రికార్డు చేసి, ఇస్తానని మాత్రం అనకుండా "ఆలోచించుకుని వస్తాను" అని లేచి వచ్చేయడమే మేలు.

డబ్బు చేతులు మారి తీరాలనుకుంటే అది ఏసీబీ పని, ట్రాప్. నంబరు 1064. వాళ్ల పద్ధతి ఎందుకు నిలబడుతుందో చూడండి: నోట్ల నంబర్లు మధ్యవర్తుల ఎదుట రాస్తారు, నోట్లకు ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. పుచ్చుకున్నవాడి వేళ్లు సోడియం కార్బొనేట్ ద్రావణంలో ముంచితే గులాబీ రంగు వస్తుంది. ఆ ద్రావణాన్ని సీసాలో సీలు వేసి ల్యాబుకు పంపుతారు. మధ్యవర్తులుగా వేరే శాఖల ఉద్యోగులను పెడతారు. ట్రాప్‌కు ముందు ఒక నివేదిక, తర్వాత ఒక నివేదిక. మీ బటన్ కెమెరాకు ఇందులో ఏ ఒక్కటీ లేదు.

ఎం-బుక్

జిల్లా డెస్క్ గారూ, ట్రాప్ గట్టిదే, కాదనను. కానీ అది ఒక్క చేతిని పట్టుకుంటుంది. ఆ వేళ్లు ఎర్రబడ్డ గుమాస్తా సస్పెండ్ అవుతాడు, వారం తిరక్కుండా ఆ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు, రేటు మాత్రం అదే. పైగా ముందే సంస్థకు చెబితే విలేకరి కాస్తా ఫిర్యాదుదారు అయిపోతాడు. ఆ తర్వాత ఎప్పుడు వేయాలి, ఎంత వేయాలి అన్నది మీ చేతిలో ఉండదు.

జిల్లా డెస్క్

ఒప్పుకుంటాను. అందుకే ఇవ్వొద్దంటున్నాను. డిమాండ్ వరకు మీది, డబ్బు వరకు వాళ్లది.

హాష్ వాల్యూ

రెండో ప్రశ్న. నూటికి తొంభై రికార్డింగులు తీసేటప్పుడు చెడవు, ఆఫీసుకు తెచ్చాక చెడతాయి అని నా అభిప్రాయం. అయినా మొదటినుంచీ చెబుతాను.

తేదీ. చవక పెన్ కెమెరాల్లో గడియారం ఫ్యాక్టరీలో ఏది పెడితే అదే. చాలావాటిలో కార్డులో ఒక టెక్స్ట్ ఫైలు పెట్టి, అందులో సమయం రాసి, పరికరాన్ని మళ్లీ ఆన్ చేస్తే గానీ మారదు. బ్యాటరీ పూర్తిగా అయిపోతే మళ్లీ మొదటికొస్తుంది. దృశ్యం మీద ఏడేళ్ల కిందటి తేదీ కనబడితే అవతలి లాయరుకు పండగ.

ముక్కలు. ఈ పరికరాలు ఒకే ఫైలుగా రికార్డు చేయవు. ఐదు, పది నిమిషాలకో ముక్క చేస్తాయి. ముక్కకూ ముక్కకూ మధ్య సెకనో అరసెకనో పోవచ్చు. సరిగ్గా అంకె చెప్పే చోట ఆ సెకను పోయిందనుకోండి, "కోసేశారు" అంటారు. ఇంట్లో ఒక గోడ గడియారం ముందు గంటసేపు పెట్టి మీ పరికరం ఎక్కడ ముక్కలు చేస్తుందో, ఎంత పోగొడుతుందో ముందే కొలవండి. లూప్ రికార్డింగ్ ఆపేయండి, లేకపోతే కార్డు నిండగానే మొదటి ముక్క మీద రాసుకుంటూ పోతుంది.

అందుకే రెండో పరికరం తప్పనిసరి: మామూలు వాయిస్ రికార్డరు, ఆగకుండా నడిచేది. దృశ్యం పోయినా మాట ఉంటుంది. లోపలికి వెళ్లేముందు రెండూ ఆన్ చేసి తేదీ, సమయం, చోటు నోటితో చెప్పి ఒక్క చప్పట్లు కొట్టండి. ఆ చప్పుడు దగ్గర రెండు రికార్డులనూ జత కలపొచ్చు. బయటికొచ్చాక మళ్లీ సమయం చెప్పి అప్పుడు ఆపండి. చొక్కా గుడ్డ మైకుకు రాసుకుంటే వచ్చే గరగర ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా పోదు, కాబట్టి రికార్డరు చొక్కా జేబులో కాకుండా సంచీ పైఅరలో ఉంచండి.

కోణం. గుండీ ఎత్తులో కెమెరా పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలితే వచ్చేది అధికారి ముఖం కాదు, సీలింగ్ ఫ్యాను. కిటికీకి ఎదురుగా కూర్చుంటే ముఖం నల్లటి బొమ్మ.

ఇప్పుడు ఆఫీసుకు తెచ్చాక. ఒరిజినల్ కార్డును నేరుగా కంప్యూటర్లో పెట్టి ఫైళ్లు తెరవకండి. విండోస్ దానంతటదే కార్డు మీద కొన్ని ఫోల్డర్లు రాస్తుంది. రైట్ బ్లాకర్ (కార్డు మీద ఏమీ రాయనివ్వని పరికరం) ద్వారా పూర్తి ఇమేజ్, అంటే కార్డు మొత్తానికి ఉన్నదున్నట్టు నకలు, తీయండి. అది లేకపోతే కనీసం తాళం మీట ఉన్న ఎస్‌డీ అడాప్టరులో మైక్రో కార్డు పెట్టి, మీట వేసి, అప్పుడు కాపీ చేయండి. ఒక్కో ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలులో ఉన్నదాన్నుంచి సాఫ్ట్‌వేరు లెక్కకట్టే, వేలిముద్ర లాంటి విలువ) తీసి నోటుబుక్కులో చేత్తో రాయండి, అదే రోజు ఎడిటరుకూ లాయరుకూ ఈమెయిల్ చేయండి. కార్డును కవర్లో పెట్టి, అతుకు మీద ఇద్దరు సంతకాలు చేసి బీరువాలో పెట్టండి. మళ్లీ కవరు ఎవరు, ఎప్పుడు, ఎందుకు తెరిచారో దాని మీదే రాయాలి.

ఫైలు పేరు మారిస్తే హాష్ మారదు, భయం లేదు. ఒక్క సెకను కోస్తే మాత్రం మొత్తం మారిపోతుంది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది, అవతల చేరేది వేరే ఫైలు. "డెస్కుకు వాట్సాప్ చేసి కార్డు ఫార్మాట్ చేశాను" అన్నారంటే ఇక ఆ స్టింగ్‌కు దండం పెట్టి వదిలేయడమే.

ప్లీడరు గుమాస్తా

హాష్ వాల్యూ చెప్పినదానికి చట్టం జోడిస్తాను. 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం అడిగే పాత సాక్ష్య చట్టం 65-బి స్థానంలో 63వ సెక్షన్. ధ్రువపత్రానికి ఇప్పుడు రెండు భాగాలు: పార్ట్ ఎ రికార్డు ఇచ్చే వ్యక్తిది, పార్ట్ బి నిపుణుడిది. రెండింట్లోనూ హాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారో రాయాలి. తీసినరోజు నోటుబుక్కులో రాసిన విలువకూ రెండేళ్ల తర్వాత నిపుణుడు తీసిన విలువకూ అక్షరం తేడా లేకపోతే సగం వాదన అక్కడే ముగుస్తుంది.

అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో (2020) సుప్రీంకోర్టు చెప్పిన మాట గుర్తుంచుకోండి: ఒరిజినల్ పరికరాన్నే యజమాని కోర్టుకు తెచ్చి బోనెక్కి రుజువు చేస్తే ధ్రువపత్రం అవసరం లేదు, కాపీ ఇస్తే తప్పనిసరి. ఇది పాత సెక్షన్ మీద వచ్చిన తీర్పే అయినా పరికరం, కార్డు రెండూ దాచిపెట్టాలనడానికి కారణం ఇదే. వంద రూపాయల కార్డును మళ్లీ వాడుకుందామన్న కక్కుర్తి వద్దు.

మీరు పాల్గొన్న సంభాషణను రికార్డు చేయడం వేరు, గదిలో రికార్డరు వదిలేసి బయటికొచ్చి ఇతరుల మాటలు పట్టడం వేరు. రెండోదాంట్లో మీరు సాక్షి కాలేరు, గోప్యత చిక్కులు అదనం. ఆ దారి తొక్కకండి.

కొత్త బీటు

ఒక చిక్కు. లేఖరి అంకె నోటితో చెప్పడు. కాలిక్యులేటర్లో కొట్టి ఇటు తిప్పి చూపిస్తాడు, వెంటనే సున్నా నొక్కేస్తాడు. లేదా "మామూలే కదా, మీకు తెలియనిదా" అంటాడు. అప్పుడేం చేయాలి? మనమే అంకె అంటే ఎర వేసినట్టవుతుందా?

రా ఫుటేజ్

మొదట మీరు అంటే ఎర. అతను చూపించాక మీరు చదివితే స్పష్టత కోసం అడగడం. తేడా అంతా వరసలో ఉంది. అందుకే ఆ వరస తెగకుండా రికార్డులో ఉండాలి.

అడిగే పద్ధతి: "పదిహేను వేలా? చలానాతో కలిపా, విడిగానా?" అతను "చలానా వేరు" అన్నాడంటే మిగతాది ఏమిటో అతనే ఒప్పుకున్నట్టు. తర్వాత, "దీనికి రసీదు ఇస్తారా?" ఈ ప్రశ్నకు వచ్చే నవ్వు కూడా సాక్ష్యమే, తీసేయకండి. ఆ తర్వాత అసలు ప్రశ్న: "ఇది మీకేనా, లోపల కూడానా?" ఒక్కసారి అడిగి ఊరుకోండి. మూడుసార్లు పైవాళ్ల పేరు లాగాలని చూస్తే పేరు మీరే అందించారంటారు. కాలిక్యులేటర్ కనబడాలంటే అతను తిప్పి చూపినప్పుడు మీరు ముందుకు వంగాలి, గుండీ కెమెరా అప్పుడే బల్ల మీదికి చూస్తుంది.

"చేసిపెట్టండి సార్, ఎంతైనా ఇస్తాం" అన్న మాటతో మొదలయ్యే రికార్డింగు మొత్తం వ్యర్థం. లేని బుద్ధి మీరే పుట్టించారంటారు. సక్రమమైన కాగితాలతో, ఇవ్వాల్సిన అవసరమే లేని పనితో వెళ్లండి. కాగితాల్లో లోపం ఉంటే అది లంచమా, లోపం సర్దడానికి మీరిచ్చిన తాయిలమా అన్న తగవు మొదలవుతుంది.

ఇక ఎడిటింగ్. తెర మీద వచ్చే ప్రతి మాటకూ రా ఫుటేజ్‌లో (కోయని అసలు రికార్డింగులో) నిమిషం, సెకను రాసిన ప్రతిలేఖనం ఉండాలి. వినబడనిచోట "వినబడలేదు" అనే రాయాలి, ఊహించి పూరించకూడదు. 2001 మార్చిలో తెహల్కా వార్తా సంస్థ బయటపెట్టిన రక్షణ కొనుగోళ్ల టేపులనే చూడండి. అదే టేపులతో, అవి తీసినప్పుడు బీజేపీ అధ్యక్షుడిగా ఉన్న బంగారు లక్ష్మణ్‌కు 2012లో నాలుగేళ్ల శిక్ష పడింది, లక్ష రూపాయలు పుచ్చుకున్న దృశ్యం నిలబడింది. అదే టేపుల కథలో ఒక మేజర్ జనరల్‌కు ఆయన నోట రాని డిమాండును వ్యాఖ్యానంలో అంటగట్టారని తేల్చి, 2023లో ఢిల్లీ హైకోర్టు 2 కోట్ల రూపాయల పరిహారం ఇమ్మంది. కెమెరా ఒకటే, ఆపరేషన్ ఒకటే. తేడా వచ్చింది టేపులో ఉన్న మాటకూ వాయిస్ ఓవర్‌లో రాసిన మాటకూ మధ్య. వాయిస్ ఓవర్ రాసేవాడికి ప్రతిలేఖనం తప్ప ఇంకేమీ ఇవ్వకండి.

2007లో ఢిల్లీలో ఒక ఉపాధ్యాయిని మీద వచ్చిన నకిలీ స్టింగ్ సంగతి అందరికీ తెలిసిందే. జనం ఆమె మీద పడ్డారు, తర్వాత అది కల్పితమని తేలింది, ఆ చానల్ నెల రోజులు ఆగిపోయింది. అక్కడ తప్పింది సాంకేతికం కాదు. రా ఫుటేజ్‌ను, అందులో ఉన్న మనుషులెవరన్నదాన్ని డెస్కులో రెండో మనిషి చూడకపోవడం.

ప్లీడరు గుమాస్తా

లేఖరి ప్రభుత్వోద్యోగి కాదు కదా అని కొందరు వదిలేస్తారు. 2018 సవరణలో 7-ఎ వచ్చింది, ప్రభుత్వోద్యోగిని ప్రభావితం చేస్తానని తీసుకునే మధ్యదళారీ దాని కిందికి వస్తాడు.

డబ్బు పుచ్చుకున్న కేసులో డిమాండ్, స్వీకరణ రెండూ రుజువు కావాలి. ఫిర్యాదుదారు చనిపోయినా, అడ్డం తిరిగినా ఇతర ఆధారాలతో, పరిస్థితుల సాక్ష్యంతో రుజువు చేయొచ్చని 2022 డిసెంబరులో నీరజ్ దత్తా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఎం-బుక్ గారి కాగితాలు పనికొచ్చేది ఇక్కడే: పెండింగులో పెట్టిన తేదీ, అంకె చూపిన తేదీ, విడుదలైన తేదీ.

జిల్లా డెస్క్

ప్రచురణకు ముందు వివరణ అడగాలి. ఎప్పుడు అన్నదే తగవు. మరీ ముందు అడిగితే బుక్ 2 రాత్రికి రాత్రి నిండిపోతుంది. అందుకే నకళ్లన్నీ చేతికొచ్చాక, ప్రశ్నలు రాతపూర్వకంగా, సమాధానానికి కనీసం ఒక పనిదినం ఇచ్చి అడగండి. వాళ్ల జవాబును అదే వార్తలో వేయండి.

ఆఫీసులో పనిమీద వచ్చి కెమెరాలో పడ్డ రైతులు, ముసలివాళ్ల ముఖాలు మసకబార్చండి. లోపలి మనిషి ఎవరైనా సాయం చేసి ఉంటే అతని నంబరు స్టింగ్ చేసినవాడి ఫోనులో ఉండకూడదు. అక్రమాలు బయటపెట్టేవాళ్లకు రక్షణగా చేసిన 2014 నాటి విజిల్ బ్లోయర్ల చట్టాన్ని అమల్లోకి తేలేదు, మూలాన్ని చెప్పకుండా ఉండే హక్కు విలేకరికి కోర్టులో కచ్చితంగా ఉందని చెప్పే చట్టమూ లేదు. ప్రెస్ కౌన్సిల్ విచారణలో మాత్రమే ఆ రక్షణ.

కొత్త బీటు

రా ఫుటేజ్ ఎన్నాళ్లు దాచాలి? పరువునష్టం సివిల్ దావాకు గడువు ఏడాదే అంటారు కదా.

రా ఫుటేజ్

దావా వేయడానికి ఏడాది, తేలడానికి కాదు. పైన చెప్పిన మేజర్ జనరల్ విషయంలో 2001లో వచ్చిన కథకు 2023లో తీర్పు వచ్చింది.

హాష్ వాల్యూ

అన్నేళ్లు దాచాలంటే ఒక్క కార్డును నమ్మకండి, ఫ్లాష్ మెమరీ ఏళ్ల తరబడి కరెంటు లేకుండా ఉంటే డేటా చెదిరే ప్రమాదం ఉంది. ఇమేజ్ కాపీలు రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు చోట్ల ఉంచండి. ఏడాదికోసారి కాపీల హాష్ తీసి నోటుబుక్కులోని విలువతో సరిచూసి, తేదీ వేసి సంతకం చేయండి. సీలు వేసిన కవరు మాత్రం కోర్టు అడిగేదాకా ముట్టుకోవద్దు. ఆ నోటుబుక్కు పేజీలకు ముందే నంబర్లు వేసుకోండి, మధ్యలో కాగితం చింపారనే మాట రాకుండా.